మొదటి గుక్క ఆయనది

మొన్న రాయచూరు నుంచి తిరిగి వస్తూ గద్వాల స్టేషను ఎదుట ఒక చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాను. వడ్డించే మనిషి గ్లాసులో నీళ్ళు పోస్తూ "సాకా?" అన్నాడు. కన్నడ దిక్కువాడై ఉంటాడు. చాలునా అని అడిగాడు, అంతే. చాలంటే సరిపోయేది. గ్లాసు నిండింది, బల్ల తడిసింది, నా పంచె కూడా తడిసింది. గల్లా దగ్గరున్నాయన అతన్ని తిట్టబోతుంటే "తప్పు ఆయనది కాదు, నాది" అన్నాను. నేను పంచె సంగతి మాట్లాడుతున్నాననే ఆయన అనుకున్నాడు.

ఆ మాటను అట్లాగే సాగదీసి అడిగే మనిషిని నేను చిన్న వయసులో ఎరుగుదును. మూడేళ్ళు ఆయన చేతి అన్నం తిన్నాను. పేరు మాత్రం తెలియదు. అందరూ సామీ అనేవారు, నేనూ అదే అన్నాను. రెండు పూటలా మన విస్తట్లో అన్నం పెట్టే మనిషి పేరు అడగాలని తోచకపోవడం ఎంత మొద్దుతనమో ఇప్పుడు తెలుస్తున్నది.

అవి సంస్థానాల రోజులు. మాది కోడేరు దిక్కు. అయిజ బడిలో పంతులుద్యోగం దొరికింది. పెళ్ళి కాలేదు, వంట రాదు. అంగడి వీధిలో ఒక బ్రాహ్మణ భోజన హోటలు ఉండేది. దాని ముందర గదే అద్దెకు తీసుకున్నాను, పప్పు వాసనకు నిద్ర లేవవచ్చునని.

సామి పొడుగు మనిషి, కాస్త వంగి నడిచేవాడు. కావడి మోసి మోసి కుడి భుజం మీద కాయ కాసింది. ఆయన ముఖం గుర్తు చేసుకోబోతే ముందు నాకు ఆ కాయే కనిపిస్తుంది. వడ్డించేటప్పుడు ఎవరి మొహమూ చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. ముద్ద చిన్నదవుతుంటే కడుపు నిండుతున్నట్టు. వేళ్ళు విస్తరి అంచున ఊరికే తిరుగుతుంటే ఇంకా కావాలని, అడగడానికి సిగ్గుపడుతున్నారని. గరిటె ఎత్తి "బేకా?" అనేవాడు, కావాలా అని. రెండుసార్లు వేశాక "సాకా?" అనేవాడు, చాలితే మేము "సాకు" అనాలి. ఆయన నోట మిగిలిన కన్నడం ఆ రెండు ముక్కలే. తక్కినదంతా మా పాలమూరు మాటే.

ఇంకొక అలవాటుండేది. బంతి కూర్చున్నాక నీళ్ళ చెంబు తెచ్చి, ఎవరికీ పోయకముందే, ఎత్తి పట్టి తన ఎడమ అరచేతిలో ఒక గుక్కెడు పోసుకొని తాగేవాడు. తాగి, చేయి కడుక్కొని, ఒక క్షణం ఊరికే నిలబడి, అప్పుడు మాకు పోసేవాడు. ప్రతి బంతికీ ఇదే. వెనక దొడ్లో ఇంకొక బంతి ఉండేది. లోపలికి రానియ్యని కూలిజనం వారం వారం సంత జరిగే అంగడి దినాల్లో సొంత గిన్నెలు తెచ్చుకొని అక్కడ కూర్చునేవారు. వాళ్ళ దోసిళ్ళలో నీళ్ళు పోసే ముందు కూడా మొదటి గుక్క ఆయనదే. కొందరు దాన్ని ఛాదస్తమన్నారు. నేను ఒకరోజు "అమృతం ముందు వడ్డించేటోనికేనా సామీ?" అని వేళాకోళం చేశాను. ఆయన నా చేతుల వైపు చూసి "తినున్రి సారూ, సల్లగైతది" అన్నాడు.

ఆ హోటలు పేరంతా పుంటికూర పప్పుదే, అదే గోంగూర పప్పు. ఆ పేరు నిజానికి సామి భుజానిది. అయిజ బావుల్లో నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గులకరాళ్ళలాగే ఉంటుంది, పైన పుంటికూర పులుపు పడితే ఇక చెప్పనక్కర లేదు. ఊరికి కోసెడు దూరంలో వాగు ఉంది. ఎండాకాలం సన్నని పాయ ఒకటే మిగిలేది. దాని పక్క ఇసుకలో చెలిమె తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. మడి తప్పకుండా తేవాలి కనుక వేరేవాళ్ళు పనికిరారు. సామి తెల్లవారక ముందే తడిగుడ్డతో పోయి రెండు బిందెలు కావడిమీద తెచ్చేవాడు. అట్లా ఎన్ని తడవలు తిరిగేవాడో. పప్పు వెన్నలా కలిసిపోయేది. హోటలు యజమాని గల్లా దగ్గర కూర్చొని "మా వంటింటి మహిమ" అనేవాడు.

మూడో ఏడు ఎండాకాలంలో వాగు ఎగువనున్న పై ఊళ్ళలో గత్తర మొదలైంది. కలరాకు మా దిక్కున ఆ పేరు. ఆ పేరు కూడా ఎవరూ పైకి అనేవారు కాదు. పెద్దమ్మ అనేవారు, ఆమె అనేవారు. మధ్యాహ్నం బడి వదిలే వేళకు వాగు అవతలి నుంచి డప్పులు వినిపించేవి. ఒకరోజు దూరంగా, ఇంకో రోజు కొంచెం దగ్గరగా. ఇళ్ళ గుమ్మాలకు వేపమండలు వేలాడాయి. అంగడికి వచ్చే బండ్లు తగ్గాయి.

"ఆరువేళ్ళాయన రాలే సారూ" అన్నాడు సామి ఒక సాయంత్రం, ఖాళీ బంతిలో విస్తళ్ళు ఎత్తుతూ.

"ఎవరాయన?"

"పై ఊరాయన. కుడి చేతికి ఆరు వేళ్ళు. ఎనక బంతిల కూసుంటడు. పుంటికూర మూడుసార్లు ఏపిచ్చుకుంటడు. రెండంగళ్ళాయె, రాలే. ఆయన పక్కపొంటి గాజుల చేతుల ముసలామె, ఆమె గూడ రాలే."

మాట మార్చుదామని, ఈసారి నవ్వకుండానే అడిగాను, మొదటి గుక్క సంగతి. ఆయన చేతిలోని విస్తళ్ళు కింద పెట్టాడు.

"మా నాయన పంచాంగం చెప్పేటోడు సారూ. రాయచూరు అవతల మా ఊరు. నాకు ఇరవైరెండేండ్లప్పుడు పెద్దమ్మ వచ్చింది. ఆమెను గంపల పెట్టి, ఊరు దాటించి సాగనంపాలె గదా. ఏ దిక్కు సాగనంపాల్నో చెప్పున్రి అని మా ఇంటికొచ్చిన్రు. నాయనకు జ్వరం. నేనే పంచాంగం తీసిన. తూర్పు వచ్చింది. తూర్పున వాగు. వాగు అవతలి ఊరికే మా చెల్లెను ఇచ్చినం."

"మరి?"

"తూర్పే చెప్పిన. పడమర అని చెప్పొచ్చు, ఎవనికి తెలుస్తుండె? శాస్త్రం తప్పి చెప్పొద్దని నాయన నేర్పిండు. గంపను తీస్కపోయి ఆ ఊరోళ్ళు తాగే నీళ్ళ ఒడ్డున దించి వచ్చిన్రు. మా ఊరు నిమ్మళమాయె. నాలుగు దినాలకు కబురొచ్చింది. మా చెల్లె, ఇద్దరు పిల్లలు, అందరు ఒక్కదినమే."

ఆయన వంగి కింద పెట్టిన విస్తళ్ళు దగ్గరికి చేర్చుకున్నాడు.

"గప్పటిసంది నా చేతి నీళ్ళతోని ఎవరికన్న ఏమన్న అయ్యేదుంటే ముందు నాకు గావాలె" అన్నాడు. విస్తళ్ళు ఎత్తుకొని దొడ్లోకి పోయాడు.

తరువాతి అంగడి దినం పొద్దున నేను అరుగు మీద వేపపుల్ల నములుతూ నిలబడ్డాను. సామి వాగు నుంచి వస్తున్నాడు. కావడి తేలిగ్గా ఊగుతున్నది. బిందెలు ఖాళీ. మూడేళ్ళలో అట్లా చూడలేదు.

"నీళ్ళేవయ్యా?" అన్నాడు యజమాని.

"గంప దించిన్రు అయ్యా. మన చెలిమెకు జర పైననే. పై ఊరోళ్ళు సాగనంపిన్రు. పసుపు, గాజులు, వేపమండలు, సచ్చినోళ్ళ బట్టలు. బట్టలు పాయల నానుతున్నయి. ఈ దినం ఊరబాయి నీళ్ళతోనే కానిద్దం."

"అంగడి దినం ఉప్పునీళ్ళా? పప్పు ఉడుకుతదా? మనుషులకు గులకరాళ్ళు పెడ్దమా?"

"పప్పు వద్దు. తొక్కు, చల్ల పెడ్దం."

యజమాని చెడ్డవాడు కాదు. దైవభక్తి కలవాడు. అందుకే ఆయనకు అసలు సంగతి వేరే విధంగా అర్థమైంది. "అమ్మ మన పొలిమేరకొచ్చింది. మర్యాద చెయ్యాలె. పెద్దమనుషులకు చెప్త. పసుపు కుంకుమ ఇచ్చి ముందటూరికి సాగనంపుతరు. అమ్మ పోతే అయిపాయె. నీళ్ళేం పాపం జేసినయి?" అన్నాడు. ఊళ్ళో ఎవరినడిగినా అదే చెప్పేవారు. గంపను ముందుకు పంపాలని అందరికీ తెలుసు. గంప ఏ నీళ్ళలో నిలిచి వచ్చిందో అడగాలని ఎవరికీ తెలియదు.

సామి కాక ఇంకొక్కడికి తెలుసు. నీళ్ళు కాచి తాగవలెనని, కలరా నీళ్ళ వెంట వచ్చునని ఆరోగ్య పాఠంలో పిల్లలచేత పదేసిసార్లు చదివించినవాణ్ణి నేను. అరుగు మీద నిలబడి అంతా విన్నాను. పుల్ల ఉమ్మేసి స్నానానికి పోయాను. ఎవరింటి తగవు వాళ్ళది, మనకెందుకనుకున్నాను. నా మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

యజమాని వంటవాడికి కావడి ఇచ్చి వాగుకు పంపాడు. వంటవాడు నీళ్ళు తెచ్చాడు, ఎండకు దప్పికై అక్కడే దోసిళ్ళతో తాగి మరీ వచ్చాడు. గంగాళం నిండింది, పప్పు పొయ్యెక్కింది. మధ్యాహ్నానికి గంపను డప్పులతో ఊరి అవతలి పొలిమేర దాటించారు. ఆ పని చేసినవాళ్ళంతా ఆకలితో హోటలుకు వచ్చారు. లోపల ఇరవై విస్తళ్ళు పరిచారు. వెనక దొడ్లో గిన్నెలు పట్టుకొని ఇంకో ముప్పైమంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. పుంటికూర పప్పు వాసనకు ఆరోగ్య పాఠం ఎక్కడికి పోయిందో.

సామి స్నానం చేసి తడిగుడ్డతో లోపలికి వచ్చాడు. చేతిలో చెంబు. మామూలుగా అరచేతిలో గుక్కెడు పోసుకుంటాడు కదా. ఆ రోజు అట్లా చేయలేదు. నడిమి గోడ దగ్గరున్న నీళ్ళ గంగాళంలో చెంబు ముంచాడు. అంచు పెదవులకు ఆనించి, కరిచిపట్టి, గటగటా తాగాడు. పెదవులు తగిలిన ఆ చెంబును మళ్ళీ గంగాళంలో ముంచాడు. ఎవరికీ ఇంకా ఏమీ అర్థం కాలేదు. పక్కనే పప్పు గుండిగ. గరిటెతో ఇంత చేతిలోకి తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఎంగిలి చేతిని మణికట్టు దాకా గుండిగలో దించాడు. పప్పు అప్పుడే దింపింది. ఆయన ముఖం మాత్రం కదలలేదు.

"ఎంగిలైంది. లేవున్రి" అన్నాడు.

హోటలంతా భగ్గుమంది. నీళ్ళు చెడ్డవంటే ఆ ఇరవైమందిలో ఒక్కరూ లేచేవారు కాదు. ఎంగిలి అనేసరికి ఇరవైమందీ విస్తళ్ళు తోసి లేచారు. అందరికంటే ముందు లేచినవాణ్ణి నేనే. "కుక్క గూడ గింత పని చెయ్యదు" అన్నాను. నన్ను మూడేళ్ళు సాకిన చేతిని చూస్తూ అన్నాను. ఆ చేయి అప్పటికే పొక్కులెత్తుతున్నది.

యజమాని తల కొట్టుకున్నాడు. అంతలోనే తేరుకున్నాడు. "సరె, పారబొయ్యకున్రి. ఎనక బంతికి పెట్టున్రి. వాళ్ళకేం పట్టింపు?"

సామి ఆ మాట విన్నాడు. గుండిగ చెవులు పట్టుకొని దొడ్డి గడప దాకా ఈడ్చి అక్కడే బోర్లించాడు. తిరిగి వచ్చి గంగాళాన్ని భుజంతో, కాయకాసిన ఆ భుజంతోనే, తోసి పడేశాడు. పప్పూ నీళ్ళూ మట్టిలో పారాయి. దొడ్లో వాళ్ళు లబోదిబోమన్నారు. పొద్దంతా మూటలు మోసి వచ్చినవాళ్ళు వాళ్ళు. వేరుశనగ మూటలు మోసే నర్సమ్మ అనే ఆమె ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకొని "అన్నం పారబోసినోని బతుకేం బాగుపడ్తది" అని ఏడ్చింది. సామి ఆమె చేతుల వైపు చూశాడు. నలుగురు పట్టి ఆయనను వీధిలోకి నెట్టారు. వెనకనే కావడి విసిరేశారు. అది నా అరుగు ముందే విరిగి పడింది.

మరునాడు పొద్దుగూకేసరికి వంటవాడు పడిపోయాడు, ఆ మరునాడు పోయాడు. వాగు దగ్గర నీళ్ళు తాగిన బండ్లవాళ్ళు ఇద్దరు పోయారు. ముందు బంతిలో వాళ్ళెవరికీ ఏమీ కాలేదు, వెనక బంతిలో వాళ్ళకూ కాలేదు. ఊరు మాత్రం దాన్ని అట్లా చూడలేదు. సాగనంపిన దినమే అన్నం ఎంగిలి చేసి మట్టిలో పోశాడు, అమ్మ అలిగి తిరిగి వచ్చింది అన్నారు. సామి మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టకుండా కట్టెలు పట్టుకొని దారుల మీద నిలబడ్డారు.

ఆయన తోటల తొవ్వలో పాత మండపంలో పడి ఉన్నాడని గొర్రెలు కాసే మనిషి చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఊరబావి నీళ్ళు కాచి, చల్లార్చి, నా ఇత్తడి చెంబు నింపుకొని పోయాను. అప్పటికి పాఠం గుర్తొచ్చింది.

రెండు రోజుల్లో మనిషి సగమైపోయాడు. కళ్ళు గుంటల్లోకి పోయాయి. కాలిన చేతికి ఏదో ఆకు చుట్టుకున్నాడు.

"దూరముండున్రి సారూ" అన్నాడు.

"ఆ దినం నేనన్న మాట..." అన్నాను.

"నీళ్ళు తెచ్చిన్రా?"

దోసిలి పట్టాడు. ఎత్తు నుంచి పోశాను. వేళ్ళ సందుల్లోంచి సగం నీళ్ళు కారిపోతున్నాయి. అన్నేళ్ళు విన్న మాటే నా నోట వచ్చింది.

"సాకా?"

"బేకు" అన్నాడు. ఇంకా కావాలని ఆయన నోట వినడం అదే మొదలు. చెంబు అయిపోయింది. పరుగున పోయి మళ్ళీ తెచ్చాను. అదీ అయిపోయింది.

"మల్ల తెస్త."

"వస్తరా?"

"వస్త సామీ."

మూడోసారి తోటల మలుపులో కట్టెలవాళ్ళు ఎదురయ్యారు. ముగ్గురు. ఒకడు మా బడిలో చదివే పిల్లవాడి తండ్రి.

"ఏడికి సారూ, చెంబు పట్టుకొని?"

నిజం చెప్పవచ్చు. నేను పంతులును, నన్ను కొట్టేవారు కాదు. మహా అయితే ఊరు వదిలి పొమ్మనేవారు. "బయలుకు" అన్నాను.

"గట్ల పోవద్దు. గాడ గాయన పడున్నడు. గీ దిక్కు పోండి."

వాళ్ళు చూపిన దిక్కుకే పోయాను. ఒక కలబంద పొద వెనక కూర్చున్నాను. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. వాళ్ళు కదలలేదు, నేనూ కదలలేదు. చివరకు నిండు చెంబు అక్కడే వదిలిపెట్టి, చుట్టుదారిన గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. మరునాడు బడి ఉన్నది, పోయి పాఠం చెప్పాను. సామి పోయాడని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

నాలుగు రోజుల తరువాత నర్సమ్మ బడి గేటు దగ్గర నిలబడింది. కొంగు కింద నుంచి ఇత్తడి చెంబు తీసింది. చింతపండు పెట్టి తళతళలాడేటట్టు తోమి తెచ్చింది.

"ఇది మీదే గదా సారూ? తోటల పొద ఎనక దొరికింది. నీళ్ళతోనే ఉండె."

నాదేనని తల ఊపాను.

"మేం ఆ పక్క చేన్లనే ఉంటిమి. ఆ రాత్రి దీంతోనే సామికి పోసినం. మా చేతి నీళ్ళు తాగుతడో తాగడో అని జరసేపు నిలవడ్డ. ఆయననే దోసిలి పట్టిండు."

"నీకు భయం కాలేదా?"

"ఎందుకు గాదు సారూ? గానీ ఆ దినం మేం ఎవ్వరం తినకపోతిమి. వాగు నీళ్ళు తాగినోళ్ళే పోయిన్రు. మమ్ములను ఎందుకు తిననియ్యలేదో తర్వాత తెలిసింది. ఆయనను తిట్టిన నోరు గదా ఇది."

చెంబు నా చేతిలో పెట్టింది. పోబోయి ఆగింది.

"ఊకె తొవ్వ దిక్కే చూస్తుండె సారూ. సారు వస్తనన్నడు, వస్తడు అంటుండె. చూడలేక ఒక అబద్ధమాడిన. చెంబు చూపెట్టి, సారే పంపిండు అని చెప్పిన. గప్పుడు కడుపునిండ తాగిండు. సాకు అన్నడు."